కంప్యూటరుకు మైల

"నీ నీడ పడిందమ్మా దాని మీద. అందుకే కండ్లు మూసుకునింది," అనింది ఈశ్వరమ్మ, పెరటి వాకిట్లో దూరంగా నిలబడి. ముట్టయి కడగా ఉన్న కోడలు నాగజ్యోతి తన చాపా దుప్పటీ ఉతుక్కుంటా వినింది. ముందర గదిలో కంప్యూటరు మళ్లా నల్లబడిందన్నమాట.

బత్తలపల్లె బజారులో ఆ ముందర గదే డీటీపీ అంగడి, బోర్డు ఆమె మొగుడు ముఖేష్ పేరుతోనే ఉండాది. మాటలు ముఖేష్‌వి, టైపు పెండ్లాముది. శుభలేఖలయినా, పంట నష్టం అర్జీలయినా ఆమె చేతి మీదుగానే పోవాల. పెండ్లికి ముందు అనంతపురంలో నేర్చుకున్న పని అది. దానికి జీతమనేది ఉంటాదని ఆ ఇంట్లో ఎవరికీ తోచలేదు, మొదట్లో ఆమెకూ తోచలేదు.

తెర మీద బొమ్మ చేపలు ఈదుతాయి, కాసేపటికి అంతా నలుపు. లోపల ఫ్యాను తిరుగుతానే ఉంటాది, మౌసు ఎంత కదిపినా తెర మాత్రం రాదు. ముఖేష్ విసుక్కుని వైరు పీకి మళ్లా పెడతాడు. సగం కొట్టిన శుభలేఖ గంగలో కలుస్తాది. ఇదంతా కోడలు కడగా ఉన్న దినాల్లోనే అని ఈశ్వరమ్మ కనిపెట్టింది.

"అమ్మ చెప్పేది కూడా నిజమేలే. దసరాకు పూజ చేసే వస్తువు అది," అన్నాడు ముఖేష్ ఆ సాయంత్రం. "పై నెల నుంచి మా చిన్నాయన కొడుకును కూర్చోబెడతా. నువ్వు ఇల్లు చూసుకో."

ఆ ఇంట్లో నాగజ్యోతిని పేరు పెట్టి పిలిచేది ఆ కుర్చీలో ఉన్నప్పుడే. "జ్యోతక్కా, మా పాప పేరు సరిగా పడిందా చూడు" అని ఊరోళ్లు అడుగుతారు. తక్కిన చోటంతా ఏయ్, ఓయ్, యాడ చచ్చినావు.

వసారాలో ఒంటరిగా కూర్చుని ఆలోచించింది. తక్కిన దినాల్లోనూ నల్లబడేది కదా? అత్త కాఫీ అడిగినప్పుడు, మొగునికి అన్నం పెట్టి వచ్చేసరికి. తన తప్పే అనుకుని, ఎవరికీ చెప్పకుండా మళ్లా మొదట్నుంచి కొట్టేది. ఎదురుగా మనిషి ఉంటే ఒక్కసారీ ఆరిపోలేదు. మరి ఆమె కడగా ఉంటే ఆ కుర్చీలో ఎవరుంటారు? ముఖేష్ నాలుగు అక్షరాలు కొట్టి, అరుగు మీదికి పోయి రాజకీయాలు మాట్లాడతాంటాడు. ఎవరూ ముట్టకపోవడమే దానికి పట్టిన మైల, అనుకుంటే నవ్వూ వచ్చింది, ఒళ్లూ మండింది.

నాలుగో దినం తలకు పోసుకుని కూర్చుని, సెట్టింగుల్లోకి పోయి చేపల్ని తీసేసింది. వాడకుంటే తెర ఆరిపోవాలని ఒకచోట ఉంటే, ఎప్పుడూ వద్దని మార్చింది. వంటింట్లోకి పోయి కాఫీ కలిపి, ఎర్రగడ్డలు తరిగి వచ్చింది. తెర వెలుగుతానే ఉండాది. ఎవరికీ చెప్పలేదు. చెబితే తలకు పోసుకున్నందుకే బాగైందంటారు.

"ఈ ఒక్క నెలా చూడు, మళ్లా నల్లబడితే మీ తమ్మున్నే పిలిపించు," అని మాత్రం మొగున్ని ఒప్పించింది.

నెల తిరిగింది. ఆ పొద్దున ఆమె పెరట్లోకి పోలేదు, కుర్చీలో కూర్చునింది. చీకటి పడేదాకా శుభలేఖలు కొట్టింది. మధ్యలో ఎన్నిసార్లు లేచిపోయినా తెర ఆరలేదు.

ఈశ్వరమ్మ ఊదుకడ్డి తెచ్చి కంప్యూటరుకు చూపించింది. "చూస్తివా నాయనా, మడిగా ముట్టుకుంటే ఎంత చక్కగా వెలుగుతాండాదో."

"అవునమ్మా," అన్నాడు ముఖేష్.

నాగజ్యోతి పెండ్లికూతురి పేరు పూర్తిగా కొట్టి, అచ్చుకిచ్చి, అత్త వైపు తిరిగింది.

"పొద్దున్నే ముట్టయినాను అత్తా. రేపు కూడా ఈడే కూర్చుంటా."