మేత ముట్టని కోళ్లు

నూమెరియస్ గంప మూత తీసి కోళ్లని వదిలి, పిండిముద్దలు నేలమీద వేశాడు. అవి దేవుడి కోళ్లు. ఆబగా తిని ముక్కునించి తునక రాలిస్తే ఆ పూట యుద్ధం. ముట్టకపోతే రోము సేన కదలదు. అందుకే ముందురోజు వాటిని పస్తుంచడం కోళ్లు కాసేవాళ్లందరూ చేసే పనే. దేవుణ్ణి మరీ ఇబ్బంది పెట్టకూడదు కదా.

ఈసారి నూమెరియస్ పస్తుంచలేదు. తెల్లవారుతుండగానే గుడారం వెనక దోసిళ్లతో బార్లీ పోశాడు. మొదటి వరసలో తమ్ముడు కేసో ఉన్నాడు. తల్లికి మిగిలింది వాళ్లిద్దరే.

కోళ్లు ముద్దలకేసి చూసి కళ్లు మూసుకున్నాయి. లావుది ముద్దమీదే కూచుంది.

"ఏమయ్యా, తిన్నాయా?" సేనాని పంపిన అధికారి అడిగాడు.

"ముట్టలేదయ్యా."

"ఏటి అవతల సామ్నైట్లు పిడికెడు మందే. రేపటికి వాళ్ల మిగతా సేనంతా దిగుతుంది. ఈ పూట కొడితే యుద్ధం ఇక్కడితో సరి. మళ్లీ చూడు."

"దేవుణ్ణి రెండోసారి అడగమంటారా?"

అధికారి సేనాని గుడారం వైపు నడిచాడు. కాసేపటికి బూర మోగింది. బారులు తీరినవాళ్లు డాళ్లు దించారు. ఈ పూటకి తమ్ముడు బతికాడనుకున్నాడు నూమెరియస్.

కేసో నవ్వుతూ వచ్చాడు. భుజాన నీళ్ల తిత్తి, చేతిలో ఈటె.

"నీ కోళ్లకి అరగలేదా అన్నా? మా జట్టంతా వాటికి దండాలు పెడుతోంది."

"వాగకు. ఎక్కడికి బయల్దేరావు?"

"రేవు కాపలాకి. కొట్లాట లేదని ఊరికే కూచోబెడతారా? మా జట్టునే పొమ్మన్నారు. పొద్దుగూకేలోపు వచ్చేస్తాం."

"వెళ్లకురా."

"ఏం, దీనికీ కోళ్లనడగాలా?"

నూమెరియస్ నోరు తెరిచాడు. చెబితే, దేవుడి పేర అబద్ధమాడినవాడికి చావే. నోరు మూసుకున్నాడు. తమ్ముడు తిత్తి ఊపుకుంటూ ఏటి దారి పట్టాడు.

ఎండ నడినెత్తికొచ్చింది. ఏటి అవతల, కొండల సందున దుమ్ము లేచింది. రేపు లేవాల్సిన దుమ్ము అది. సన్నగా మొదలై, కొండ కనపడకుండా పోయేంత అయింది. ఈటెల మొనలు మెరిశాయి. రేవు దగ్గర ఒక్క బూర గట్టిగా మోగి, సగంలో ఆగిపోయింది.

నూమెరియస్ అటే చూస్తూ నిలబడ్డాడు. కాళ్ల దగ్గర ఏదో కదిలింది. పొద్దుటి మేత అరిగిందేమో, లావు కోడి లేచి ముద్దని పొడిచింది. తక్కినవీ ఎగబడ్డాయి. ఆబగా తింటుంటే పిండి తునకలు ముక్కులనించి జారి టపటపా నేల రాలాయి.