కత్తెరమ్మ దాచిన నిమిషం

సినిమా వాళ్ళంతా ఆవిణ్ణి కత్తెరమ్మ అనేవారు. ముప్ఫై నాలుగేళ్ళ కిందట ఆవిడ ఎడిటింగ్ చేసిన దెయ్యాల సినిమాలో ఒక ఇంటికి శాపం ఉంటుంది. ఆ ఇంట్లో ఎవరు అబద్ధమాడినా, వాళ్ళు ప్రాణంగా చూసుకునే మనుషులు మాయమైపోతారు. చివర్లో తల్లి ఉయ్యాల ఊపుతూ, వణికే గొంతుతో "నాకేం భయం లేదమ్మా" అంటుంది. వంగి చూస్తే బిడ్డ లేదు. నిమిషం పాటు ఖాళీ ఉయ్యాల ఊగుతూనే ఉంటుంది, చప్పుడు లేకుండా.

నిర్మాతకది నచ్చలేదు. "ఖాళీ ఉయ్యాల చూడ్డానికి ఎవడొస్తాడమ్మా?" అని ఆ ముక్క పీకించి, గోడలోంచి రబ్బరు చెయ్యి వచ్చే షాటు పెట్టించాడు. మొదటి ఆటకే హాలంతా గొల్లున నవ్వింది. పత్రికలు ఏకిపారేశాయి. 'ఎడిటరు నిద్రపోయారా?' అని ఒకాయన రాశాడు. వారం తిరక్కుండా సినిమా డబ్బాల్లోకి పోయింది. కత్తెరమ్మకి మళ్ళీ పెద్ద సినిమా రాలేదు. పెళ్ళి వీడియోలు కత్తిరించుకుంటూ రోజులు నెట్టుకొచ్చింది.

ఈ ఏడాది పాత సినిమాలు భద్రపరిచే సంస్థ నుంచి ఫోనొచ్చింది. "మీ సినిమా నెగటివ్ దొరికిందండీ. ఉన్నదున్నట్టు శుభ్రం చేసెయ్యమంటారా?"

"వద్దు నాయనా. ఆ తీసేసిన ముక్క నా దగ్గరుంది."

రెండు నెలలు తెల్ల గ్లవుజులు తొడుక్కుని వాళ్ళ బల్ల ముందు కూర్చుంది. రబ్బరు చెయ్యిని తన చేత్తోనే తీసేసి, దాచుకున్న ముక్కని అక్కడ అతికించింది.

ఆ సినిమా మళ్ళీ వేసిన ఆదివారం, ఉదయం ఆటకే హాలు నిండింది. ఎక్కువమంది కుర్రకారే, నవ్వుకుందామని వచ్చినవాళ్ళే. విగ్గులు చూసి అప్పుడే ఇకిలింపులు మొదలయ్యాయి.

"అక్కా, వెళ్ళిపోదామా? మళ్ళీ మనసు పాడుచేసుకోవడం ఎందుకు?" అంది పక్కనున్న చెల్లెలు.

"నోర్మూసుకుని చూడవే."

ఉయ్యాల ఖాళీ అయింది. పాప్‌కార్న్ నమిలే చప్పుడు ఆగిపోయింది. పది సెకన్లు, ఇరవై, ముప్ఫై... కత్తెరమ్మ వేళ్ళు లెక్కపెడుతూనే ఉన్నాయి. నలభై దాటాక వెనక వరసలో ఒకమ్మాయి "అమ్మో!" అని కెవ్వుమంది. ఒక్కరూ నవ్వలేదు.

దీపాలు వెలిగాయి. ఇక చప్పట్లు ఆగితే ఒట్టు! ఆవిణ్ణి వేదిక మీదికి తీసుకెళ్ళారు. "ఏమీ చూపించకుండా అంత భయపెట్టారెలాగండీ?" అనడిగాడో కుర్రాడు.

"భయపడింది మీరు బాబూ. నేను అడ్డం తప్పుకున్నానంతే."

బయట మేనేజరు ఎదురొచ్చాడు. మధ్యాహ్నం ఆటకి కూడా టికెట్లు అయిపోయాయట.

"మనిద్దరికీ ఎక్కడో ఒకచోట కుర్చీలు వెయ్యవయ్యా," అని చెల్లెలి చెయ్యి పట్టుకుని కత్తెరమ్మ మళ్ళీ లోపలికి నడిచింది.