ఆకు నల్లబడిన రోజు

మూట కింద నలిగి మోతగాడు ఎవరిస్తో చచ్చిపోయాడు. మేస్త్రీ బరోసో మాత్రం ముందు మూటను తూకం వేయించాడు.

ఆకు ఆరబెట్టే పొయ్యి దగ్గర పనిచేసే నేను కళ్లారా చూశాను, సోదరులారా. మా పరానా నది ఎగువ అడవుల్లో టీలా కాచుకు తాగే మాతే ఆకు మూట మనిషికంటే పెద్దది. నుదుటికి తోలుపట్టీ బిగించి, నడుం వంచి మోయాలి. జ్వరంతో వణుకుతూనే ఎవరిస్తో బురదగట్టు దిగాడు. కాలు జారింది. పట్టీ జారి మెడకు బిగుసుకుంది. మూట వాడి మీదుగా దొర్లింది.

"వాణ్ణి తర్వాత చూద్దాం. ముందు మూట కాటా ఎక్కించండ్రా!" అని అరిచాడు బరోసో. "వాడెక్కడికి పోతాడు?"

తుపాకులు పట్టిన కాపలావాళ్లు నవ్వారు.

ఎవరిస్తో భార్య సిన్ఫొరియానా ఆకు కోస్తున్న చోటునుంచి పరుగెత్తుకొచ్చింది. ఏడవలేదు. మొగుడి నోట్లో నిండిన బురదను పావడా అంచుతో తుడిచింది. శవం పక్కనే రాళ్లు పేర్చి, మంట వేసి, నీళ్లు పెట్టింది. ఎండు సొరబుర్రలో ఆకు పోసి, పీల్చే గొట్టం గుచ్చింది.

గుంపుగా కూర్చుని మాతే తాగితే కొరడా దెబ్బలేనని బరోసో ఎప్పుడో చాటించాడు. ఒకే బుర్ర, ఒకే గొట్టం చేతులు మారుతుంటే నోళ్లు ఊరుకోవని వాడికి తెలుసు.

"మాతే లేకుండా మనిషిని సాగనంపుతామా? రండి, కూర్చోండి," అంది సిన్ఫొరియానా.

"వద్దే తల్లీ," అన్నాడు ముసలి కసియానో. "వాడు చంపేస్తాడు."

"వాడికెందుకు తాతా ఆ శ్రమ? మూటలే చంపుతున్నాయిగా!"

"మరి పిల్లలకి కర్రపెండలం ఎవడు పెడతాడే?" అని వెనకనుంచి ఎవరో గొణిగారు.

"ఇప్పుడెవడు పెడుతున్నాడు? మన రెక్కలే కదా!"

కసియానో కాసేపు శవం వంక చూశాడు. మోకాళ్లు పట్టుకుని నెమ్మదిగా కూలబడ్డాడు. ఆడవాళ్లు కూర్చున్నారు. మోతగాళ్లు మూటలు దించారు. నేనూ పొయ్యి వదిలి వచ్చాను. నీళ్లు పోసేవాళ్లే మొదటి చేదు తాగాలి, అది మా ఆనవాయితీ. సిన్ఫొరియానా తాగి, మళ్లీ నీళ్లు పోసి, బుర్రను ముసలాడి చేతికిచ్చింది.

బరోసో మరుగుతున్న నీళ్లను ఆమె చేతి మీదికి తన్నాడు. తోలు పొంగి లేచింది.

"మొగుడు పోయినా నీ పొగరు పోలేదటే?"

ఆమె పళ్లు బిగించింది. కసియానో మాత్రం గొట్టం నోట్లోంచి తీయలేదు. కాపలావాళ్లు తుపాకీ మడమతో ముసలాడి దవడ పగలగొట్టారు. రక్తం ఉమ్మి, అదే బుర్రను పక్కవాడికి అందించాడు. పక్కవాడు తాగాడు.

బరోసో నా జుట్టు పట్టుకున్నాడు. కోసిన ఆకు ఆ రోజే మంట చూడాలి. లేకపోతే నల్లబడి పనికిరాదు.

"లేవరా! పొయ్యి ఆరిపోతోంది. ఆకు నల్లబడితే దొర నా తోలు వలుస్తాడు!"

"వలవనీ," అన్నాను. "అదెలా ఉంటుందో నీకూ తెలుస్తుంది."

కొరడా నా వీపు చీల్చింది. ఒక్కొక్కరినీ లేవమన్నాడు, కొట్టాడు. ఒక్కరూ లేవలేదు. పొయ్యి చల్లారింది.

తెల్లారేసరికి ఆకు గుట్టలు నల్లగా కుళ్లుకంపు కొడుతున్నాయి. బరోసో కబురుతో పోలీసులు పడవలో దిగారు. సిన్ఫొరియానా కాలిన చేతికే తాడు బిగించి ఈడ్చుకుపోయారు. మమ్మల్ని తుపాకులతో గట్టు మీదే ఆపేశారు.

పడవ నది దిగువనున్న మరో శిబిరం రేవు దగ్గరకు చేరింది. అక్కడ మోతగాళ్లు వరసగా మూటలతో దిగుతున్నారు. ఆమె లేచి నిలబడింది. నీళ్ల మీదుగా ఆ గొంతు మా దాకా వచ్చింది.

"ఎవరిస్తోని మూట కింద చంపారు! దించండి! మూటలు దించండి!"

తుపాకీ పేలింది. ఆ గొంతు మళ్లీ వినబడలేదు.

సోదరులారా, మేము గట్టు మీద నిలబడి చూశాము. మొదట ఒక మూట నేలకు జారింది. తర్వాత ఇంకొకటి. ఆ తర్వాత వరసలోని నడుములన్నీ నిటారుగా లేచాయి.