కోమలి బరువు

కోమలికి అన్యాయం జరిగింది 2024 జూలై పదహారో తేదీ, మంగళవారం, పొద్దున పదకొండు గంటలకు. చేసినవాడు ఏడో లైను సూపర్‌వైజర్ బాలచంద్ర. సత్యవేడు అవతల సెల్‌ఫోన్ ఛార్జర్లు బిగించే కంపెనీ అది. లైనుకు ముప్పై మంది ఆడోళ్లు, బాత్‌రూముకు పోను ఒకటే టోకెను. ఎర్ర ప్లాస్టిక్ బిళ్ల. మెడలో వేసుకొని పోవాల, అయిదు నిమిషాల్లో రావాల. ఆ దినం నెలసరిలో ఉన్న కోమలి రెండోసారి అడిగింది. బాలచంద్ర ఇచ్చినాడు. తిరిగొచ్చినాక మాత్రం బిళ్ల తియ్యనీకుండా, అన్నం గంట కొట్టేదాకా అందరి ముందరా నిలబెట్టినాడు. ఆడదాని ఒంటికి కూడా టైంటేబుల్ వేసే మొగోడు!

మరుసటి దినం నుంచి కోమలి బరువెక్కడం మొదలుపెట్టింది.

నలభై ఆరు కిలోల మనిషి. ఏడు గంటలకు కంపెనీ బస్సు హారను వినబడిందంటే అరికాళ్లు చల్లబడి, భయానికి రుబ్బురోలయిపోయేది. వాకిట్లో అడుగులు జానెడు లోతు దిగేవి. వాళ్లమ్మ వసంతమ్మ ఆ గుంతలు రోజూ మన్నుతో పూడ్చి, పేడతో అలికేది. బస్సు డ్రైవరు ఓబయ్య, "నడిమి సీట్లో కూర్చోమ్మా, ఒకే పక్క వాలితే టైరు పేలతాది" అనేవాడు. అంతకుమించి ఎవరూ ఏమీ అనలేదు. కొందరికి బీపీ, కొందరికి షుగరు, కోమలికి బరువు.

నెల తిరిగేలోపల ఐదు నాగాలు పడినాయి. ఇంకొకటి పడితే పేరు కొట్టేస్తామన్నారు ఆఫీసులో. ఇంటికి వచ్చే జీతం అదొక్కటే.

ఆ బుధవారం హారను రెండుసార్లు మోగినా కోమలి మంచం దిగలేదు.

"లేమ్మే, పేరు కొట్టేస్తారంట."

"కాళ్లు రావడంలేదుమా. పోతే మళ్లా నిలబెడతాడు."

వసంతమ్మ పక్కన కూలబడింది. "మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పదేండ్లు చేసినా. భయం పోయినాక పోదామని ఒక్క దినం కాసుకోలా. ఆ భయాన్నీ ఎంటబెట్టుకొని పోయినా. నువ్వూ పోయి నీ కుర్చీలో కూర్చో, సాలు."

"ఆడ ఏడుపొస్తే?"

"ఏడ్సు. ఏడ్సేదానికి టోకెను అడగరు గదా!"

కోమలి నవ్వలేదు గానీ లేచింది. బస్సు మెట్టు మీద నుంచి ఫిర్దోస్ చెయ్యందించింది. లైనులో పక్క కుర్చీ ఆమెదే. "రా అక్కా, మెల్లిగా రా. ఓబన్న కాసుకుంటాడులే."

పది దాటినాక బాలచంద్ర బిళ్ల ఊపుకుంటా వచ్చినాడు. "ఐదు నాగాలా? లే. ఇది వేసుకొని అన్నం గంటదాకా అట్ల నిలబడు."

కోమలి కుర్చీ అంచు పట్టుకుంది. "లేవలేను సార్."

"లేవమంటా ఉంటే!"

అరిచేకొద్దీ ఆమెకు భయం, భయపడేకొద్దీ బరువు. బాలచంద్ర కుర్చీ పట్టి లాగినాడు, కదల్లేదు. పెట్టెలు మోసే ఇద్దరిని పిలిచినాడు, కదల్లేదు. కుర్చీ కాళ్లు నేలలోకి దిగి టైల్సు పగిలినాయి. ఆమె ముందర ఛార్జర్లు కుప్ప పడి లైను ఆగిపోయింది. ఫిర్దోస్ చేతులు ఒళ్లో పెట్టుకొని కూర్చుంది. ఆమెను చూసి తక్కినోళ్లూ పెట్టుకున్నారు.

కోమలి గుండె దడదడలాడతానే ఉంది. ఆ దడలోనే ఆమెకు అర్థమయింది, తనను ఇంక ఎవురూ నిలబెట్టలేరని.

మేనేజరు దిగొచ్చినాడు. పగిలిన టైల్సు చూసినాడు, ఆగిన లైను చూసినాడు. "ఏం కావాలమ్మా నీకు?"

కండ్లనీళ్లు తుడుచుకోకుండానే చెప్పింది. "బాత్‌రూముకు పోవాల సార్. బిళ్ల లేకుండా."

ఆయన బాలచంద్ర చేతిలోది తీసి జేబులో వేసుకున్నాడు. "పోమ్మా. ఇంకమీద ఎవరూ బిళ్ల అడగరు."

కోమలి లేచింది. వెనకాలే ఫిర్దోస్ లేచింది.

లైను ఆగితే రిజిస్టరులో కారణం రాయాల. బాలచంద్ర చానాసేపు పెన్ను కొరికి రాసినాడు: ఏడో లైను, నలభై మూడు నిమిషాలు, మనిషి లేవలేదు. 21-08-2024.