సబ్బు నురగలో సర్వరు బిల్లు

నెలకి ఇంత అనాలా, ఏడాదికి ఇంత అనాలా, నెలకి అంటే అంకె చిన్నగా వినపడుతుంది కానీ పన్నెండుసార్లు మొహమాటపడాలి, ఏడాదికి అంటే మొహమాటం ఒక్కసారితో తీరిపోతుంది కానీ ఆ అంకె నోట్లో పట్టదు, అయినా ఇప్పుడు నోరే తనది కాదు, దాని చుట్టూ కత్తెరన్న పూసిన సబ్బు నురగ, పెదవి విప్పితే నురగ లోపలికి, మాట బయటికి, రెండూ చేదే, అందుకే వెబ్బాయి పెదవులు బిగించి, మెడకి కట్టిన తెల్లగుడ్డ కింద చేతులు దాచుకుని, ఎదురుగా అద్దంలో తన వాలకమే చూస్తూ కూర్చున్నాడు, మొహమాటం అంటే ఇదే కాబోలు, మొహం ఉంది, మాట లేదు, కత్తి మీద సాము అంటారు, ఇదేమో కత్తి కింద సామెత, ఇంటికి పోతే ఇంకో కత్తి, ఇవాళ కత్తెరన్నకి హోస్టింగు డబ్బుల సంగతి చెప్పకుండా వచ్చారంటే గడ్డంతో పాటు మిమ్మల్నీ బయటే ఉంచుతాను అంది వాళ్ళావిడ, పొద్దున తలుపు దగ్గర, నవ్వుతూనే అంది, ఆవిడ నవ్వుతూ అంటేనే భయం, కారు నడపడం నేర్పే బడి నడుపుతుంది, ఎదురుగా గోడ వస్తున్నా గొంతు పెంచని మనిషి, మా బళ్ళో బ్రేకు ఎక్కడుందో చెప్పడానికి కూడా డబ్బు కట్టించుకుంటామండీ, మీరేమో బండిచ్చి, పెట్రోలు పోసి, వెనకనుంచి నెట్టి, పైగా థాంక్యూ కూడా మీరే చెబుతారు.

నలభై దాటినా వీధిలో అందరికీ అతను వెబ్బాయే, వెబ్‌సైట్లు చేసే అబ్బాయి కాబట్టి, ఆ పేరు పెట్టింది ఈ కత్తెరన్నే, మొట్టమొదటి సైటు చేయించుకున్నదీ కత్తెరన్నే, సెలూను బొమ్మలూ, ధరలూ, ఏ టైముకి వస్తారో రాసి పంపే ఫారమూ, అన్నీ పెట్టి చూపించిన రోజున ఆయన కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని, ఇంతకీ ఇది ఉండేదెక్కడ అని అడిగాడు, మంచి ప్రశ్న, సైటు అన్నాక ఎక్కడో ఒకచోట ఉండాలి కదా, క్లౌడు క్లౌడు అంటారు గానీ ఆ మబ్బు కూడా ఎవరో ఒకరి కంప్యూటరే, దానికి అద్దె ఉంటుంది, మబ్బులో నీళ్ళు చూసి ముంత ఒలకబోసుకున్నవాడు వెబ్బాయి, నా దగ్గరే ఉంటుందిలే అన్నా, దానికేముంది, అనేశాడు, దానికేముంది అన్న మాటలో ఎంతుందో అప్పుడు తెలీలేదు, హోస్టింగు అంటే ఆతిథ్యమే కదా అనుకున్నాడు, అతిథికి తిథి ఉండదు గానీ రెన్యువలు బిల్లుకి ఉంటుంది, అది తప్పకుండా వస్తుంది, తప్పకుండా పెరుగుతుంది, ఆ మాటకి కరిగిపోయిన కత్తెరన్న మాత్రం, అయితే నీ తల పూచీ నాది, ఈ కొట్లో నువ్వు జేబులో చెయ్యి పెట్టావంటే ఊరుకోను అన్నాడు, అప్పట్నుంచి ఈ కుర్చీలో కూర్చున్న ప్రతి తలలోనూ వెబ్బాయి పేరు నూరిపోశాడు, పూలకొట్టు ఆయన, పశువుల డాక్టరు, సంగీతం మాస్టారు, తాళాలు బాగుచేసే ముసలాయన, అందరి సైట్లూ వెబ్బాయి దగ్గరే, తాళాలాయన సైటుకి తాళం వేసేదీ వెబ్బాయే, అందరికీ అదే పాట, దానికేముంది, పూలకొట్టు సైటులోకి దొంగలు దూరి గులాబీలు తీసేసి జుట్టు మొలిపించే మందులు పెడితే, మామగారి ఎదురుగా కంచంలో చెయ్యి ఆరిపోతుంటే ఎడం చేత్తో దాన్ని బాగుచేశాడు, అల్లుడు గారికి అన్నం మీద కంటే అంతర్జాలం మీద మోజెక్కువ అన్నాడాయన, ఉచితం అంటే తగినది అని అసలు అర్థం, అందరికీ ఉచితంగా ఇచ్చీ ఇచ్చీ తనకి ఏది తగినదో మర్చిపోయాడు.

అదిగో గోడ మీద ధరల బోర్డు, కటింగు ఇంత, గడ్డం ఇంత, రంగు ఇంత, ఎంత హాయిగా వేలాడుతోంది, దాన్ని చూసి ఎవరూ కత్తెరన్నతో స్నేహం మానుకోలేదు, ఆవిడ చెప్పిన నెల అంకె సరిగ్గా ఒక కటింగూ ఒక గడ్డమూ, అంతే, ఇంత చిన్న మాటకి ఇంత పెద్ద గుటకా, కానీ కత్తెరన్న మొహం చిట్లించాడంటే ఆ చిట్లింపు సాయంత్రానికి వీధి చివరికి పోతుంది, ఈ కుర్చీలోంచి వచ్చినవాళ్ళు ఈ కుర్చీ మీదుగానే పోతారు, క్లయింట్లు పోతే పోయారు, ఈ మనిషి పోతే మాత్రం వెలితి, సరే, గొంతు సవరించుకుని, అన్నా, ఒక మాట, అన్నాడు, అన్నాననుకున్నాడు, బయటికొచ్చింది ఒక బుడగ, కదలకు వెబ్బాయ్, గొంతు దగ్గరున్నా, అన్నాడు కత్తెరన్న, ఆ మాటతో గొంతే కాదు, సంకల్పం కూడా కదలడం మానేసింది.

అంతలో ఫోను మోగింది, కత్తెరన్న దాన్ని భుజానికీ చెవికీ మధ్య ఇరికించి, ఆఁ ఐదున్నరకి రండి, రాసుకుంటున్నా, అని ఒక నల్ల మార్కరు తీసి అద్దం మీదే రాశాడు, అప్పుడు చూశాడు వెబ్బాయి, అద్దం అంచుల నిండా పేర్లు, టైములు, కొట్టివేతలు, కొన్ని చెరిపి మళ్ళీ రాసినవి, వాటిలో కొత్త ఐదున్నర సరిగ్గా తన ప్రతిబింబం నుదుటి మీద పడింది, నుదుటి రాత అని విన్నాడు గానీ ఇంత స్పష్టంగా చదువుకోవడం ఇదే మొదలు, అద్దం మీద ఎందుకు రాస్తున్నాడు, ఫారం ఉంది కదా, తను అంత ముచ్చటగా చేసిన ఫారం, నురగ సంగతి మర్చిపోయి, ఫారం ఏమైందన్నా అని అడిగేశాడు, నోట్లో సబ్బు, పట్టించుకోలేదు, కత్తెరన్న చెయ్యి ఆగింది, అదా, అదిలే, కొన్నాళ్ళుగా పనిచెయ్యట్లేదు, అన్నాడు, తప్పు తనదైనట్టు, ఎన్నాళ్ళుగా, వానలు మొదలైనప్పట్నుంచి, వానలు పోయి స్వెట్టర్లు వచ్చాయి కదన్నా, వచ్చాయిలే, జనం ఫారం నింపితే థాంక్యూ అంటుందట, నాకు మాత్రం ఏమీ రాదు, వాళ్ళు టైముకొచ్చి కుర్చీలో ఇంకో తల చూసి నా తల తింటారు, మరి నాకు చెప్పలేదేం, ఎలా చెప్పనయ్యా, ఊరికే చేసిపెడుతున్నావు, ఊరికే చేసేవాణ్ణి పట్టుకుని ఇది పాడైంది అది పాడైంది అంటే బాగుంటుందా, ఇంట్లో మీ వదిన రోజూ తిడుతోంది, నిన్ను కాదులే, నన్ను.

క్షవరమైతే గానీ వివరం తెలీదంటారు, ఇతనికి సగం క్షవరంలోనే తెలిసింది, వేడి టవలు వెయ్యకుండానే మొహం వేడెక్కింది, వానాకాలం మొదట్లో తనే ఏదో మరమ్మతు చేశాడు, అప్పుడు తెగి ఉంటుంది తీగ, తెగిందని ఒక్కరూ అనలేదు, అనకపోతే బాగుందనే అనుకున్నాడు, ఇంతలో కత్తెరన్న ఇంకాస్త గొంతు తగ్గించి, నువ్వేమీ అనుకోకపోతే ఇంకో మాట, ఆ అద్దాల బిల్డింగులో ఒక కంపెనీ ఉందట, నెలకి మూడు కటింగులంత అడుగుతున్నారు, ఇద్దామనే అనుకుంటున్నా, డబ్బిస్తే పాడైందని అడగొచ్చు కదా, కాకపోతే సైటు పేరు ఎవరి పేరున రిజిస్టరై ఉందో కనుక్కోమన్నారు, నీ పేరునే ఉందట, అన్నాడు, మూడు కటింగులా, తను ఒక కటింగూ గడ్డమూ అడగలేక సబ్బు తింటుంటే ఈ మనిషి మూడు ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాడు, అదీ ఎవరికో, ఆ ఉక్రోషంలోంచి ఒక ఆలోచన, పేరు నా చేతిలోనే ఉంది కదా, ఇవ్వకపోతే ఎక్కడికి పోతాడు, వచ్చిన ఆలోచన వచ్చినట్టే సిగ్గుపడి తల దించుకుంది, ఎదుటివాడి జుట్టు మన చేతిలో పెట్టుకోవడం అంటే ఇదే, మన మెడ మీద కత్తి పెట్టినవాడు దాన్ని ఎంత పదిలంగా నడుపుతున్నాడు, మనమేం చేస్తున్నాం, కొట్టు ఆయనది, పేరు ఆయనది, అది తన పేరున ఎందుకుంది, అదీ దానికేముంది అనుకునే, పేరు ఇవాళే నీ పేరుకి మార్చేస్తానన్నా, నువ్వు ఉన్నా సరే, వెళ్ళినా సరే, అన్నాడు.

కోపమొచ్చిందా అన్నాడు కత్తెరన్న, లేదన్నా, మరి ఆ మొహమేంటి, నీ మొహంలా ఉంది అందామనుకుని, ఇంకేదో అనబోయి, ఎప్పట్నుంచో లోపల మూలిగేది బయటపడింది, అన్నా, నువ్వు ఎడం చెంప దగ్గర జుట్టు ప్రతిసారీ కురచగా తీస్తావు, కుడిపక్క ఇక్కడికుంటే ఎడంపక్క అక్కడికి, మా ఆవిడ నన్ను చూసినప్పుడల్లా తల ఒకవైపు వంచి చూస్తుంది, లెవెలు కుదరడానికి, కత్తెరన్న నోరు తెరిచాడు, కత్తి పక్కన పెట్టాడు, ఇతని గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు, ఔను, ఏళ్ళ తరబడి ఇలాగే ఉందా, ఉంది, చెప్పొచ్చు కదయ్యా, ఎలా చెప్పనన్నా, ఊరికే చేస్తున్నావు కదా, ఇద్దరూ అద్దంలోంచే ఒకరినొకరు చూసుకున్నారు, ముందు ఎవరు నవ్వారో తెలీదు, కత్తెరన్న నవ్వితే కుర్చీ కూడా ఊగుతుంది, నురగ తెల్లగుడ్డ మీదికి రాలింది, ఆ నవ్వులోనే, ఆపితే మళ్ళీ రాదని, వెబ్బాయి అనేశాడు, నెలకి ఒక కటింగూ ఒక గడ్డమూ అన్నా, ఏడాదిది ఒకేసారి కడితే ఒక గడ్డం తగ్గిస్తా, కత్తెరన్న కళ్ళు తుడుచుకుని, ఏమేం వస్తాయి అందులో అన్నాడు, బేరగాడిలా, చోటు చవకేనన్నా, డబ్బు కాపలాకి, తాళాలు వెయ్యడం, రోజూ ఒక నకలు తీసి దాచడం, పాతబడ్డవి మార్చడం, మార్చాక ఫారం పనిచేస్తోందా అని చూడడం, నువ్వు ఫోన్ చేస్తే ఎత్తడం, ఆదివారం ఎత్తుతావా, ఎత్తుతా, రెట్టింపు పడుతుంది, నచ్చకపోతే ఎప్పుడైనా సామాను సర్దుకుని వెళ్ళిపోవచ్చు, అన్నీ మూటకట్టి ఇస్తా, ఇతని ఎడం చెంప వైపు ఒంగి కళ్ళు చికిలించి చూస్తూ, సరే, అయితే నీ గడ్డానికి కూడా ఇవాళ్టి నుంచి డబ్బు తియ్యి, బోర్డు మీద ఉన్నంతా, అన్నాడు కత్తెరన్న.

మిగతా సగం గీసి, వేడి టవలు వేసి తీసి, రెండు చెంపలూ వేలితో కొలిచి, కుడిపక్క కొంచెం తగ్గించి సరిచేశాక, కత్తెరన్న ఛాతీ విరుచుకుని నిలబడ్డాడు, గొంతు సవరించుకున్నాడు, ఇదిగో వెబ్బాయ్, ఏంటయ్యా ఆ ఫారం, వానాకాలం పోయింది, చలికాలం వచ్చింది, ఇక్కడ నేను అద్దం మీద అష్టావధానం చేస్తుంటే అక్కడ నువ్వేం చేస్తున్నావు, సాయంత్రంలోగా బాగవ్వకపోతే ఊరుకునేది లేదు, డబ్బులిస్తున్నాం ఇక్కడ, అని మొదట సరదాకి మొదలెట్టి, మధ్యలో నిజంగానే వేడెక్కి, తిట్టాడు, ఒక వానాకాలమంతటి తిట్లు, వెబ్బాయి చేతులు కట్టుకుని విన్నాడు, వింటుంటే ఒళ్ళు తేలికైంది, ఔనన్నా, తప్పే, సాయంత్రానికి అయిపోతుంది, అంటుంటే తను ఒక పనివాడిలా ఉన్నాడు, పని తెలిసినవాడిలా, బోర్డు చూసి డబ్బు లెక్కపెట్టి ఇచ్చి, మెట్లు దిగి, ఎండలోకి వస్తే పూలకొట్టు కనపడింది, దాని పక్కన పశువుల డాక్టరు, పైన కిటికీలో సంగీతం మాస్టారు, ఎవరూ ఏనాడూ ఏమీ అనరు, ఎంత మంచివాళ్ళు అనుకునేవాడు, వాళ్ళ దగ్గర ఏమేం పాడైపోయి ఉన్నాయో, ఎన్ని మాటలు మింగి కూర్చున్నారో, ధర చెబితే మనసులు దూరమవుతాయని ఇన్నాళ్ళూ అనుకున్నాడు, దానికేముంది అని అన్నప్పుడల్లా తను వాళ్ళ దగ్గర తీసేసుకున్నది ఒకటుంది, తిట్టే హక్కు, దాన్ని ఒక్కొక్కరికీ తిరిగి ఇచ్చెయ్యాలి, నెలకింత అని చెప్పి మరీ ఇవ్వాలి, అనుకుంటూ పూలకొట్టు గుమ్మం ఎక్కాడు.