సింహాచలం మాస్టారి ఎడమ చెప్పు

నేను ఒక ఎడమ చెప్పును. జత లేని చెప్పు కథ మాకెందుకని పెదవి విరవకండి. జత ఉంది, కుడిది నా పక్కనే పడి ఉంది. కాకపోతే దానికి మాట్లాడే అలవాటు లేదు. బస్సెక్కినా, ప్రయాణం కట్టినా మనుషులు "కుడికాలు ముందు" అంటూ పుట్టిన దగ్గర్నుంచీ దాన్ని గారాబం చేశారు. గారాబంగా పెరిగింది కాబట్టి దానికి లోకం పట్టదు. వెనకాల నడిచేదాన్ని నేను, అన్నీ చూసుకుంటూ నడిచాను. అందుకని నేను చెప్తున్నాను.

సాలూరు సంతలో ఎర్రయ్య అనే ఆయన మమ్మల్ని కుట్టాడు. మంచి తోలు, మందపాటి అడుగు, బొటనవేలికి గట్టి ఉంగరం. మొదట ఒక ఆఫీసు గుమాస్తా కొనుక్కున్నాడు. ఆయన కాళ్లను నాలుగు రోజులు కరిచాం. కొత్త చెప్పులం కదా, అది మా ధర్మం. అయిదో రోజు ఆయన మమ్మల్ని ఒక పెళ్లికి తీసుకెళ్లి కల్యాణమండపం బయట విడిచాడు. భోజనాలయ్యాక తిరిగొచ్చి, మమ్మల్ని ఒకసారి చూసి, పక్కనున్న మెత్తటి జతలో కాళ్లు పెట్టి చక్కా పోయాడు. ఆ మెత్తటి జత గలాయన అందరూ వెళ్లేదాకా వెతికి వెతికి, చివరికి మిగిలిన మమ్మల్నే తొడుక్కున్నాడు. "ఎవుల్దో ఏటో! ఏటి చేస్తాం?" అనుకుంటూ ఇంటికి నడిచాడు. ఆయనే గేదెల సింహాచలం మాస్టారు, లెక్కలు చెప్పే పంతులు. ఆయన కాలిని ఎంత కరిచినా పల్లెత్తు మాట అనలేదు. కొన్నాళ్లకి మేమే సిగ్గుపడి మెత్తబడ్డాం.

మాస్టారికి హోండురాస్ దేశంలో ఉద్యోగం వచ్చింది. మధ్య అమెరికాలో చిన్న దేశం అది. కొండలూ, దేవదారు చెట్లూ, కాఫీ తోటలూ ఉన్న ఊళ్లో ఇంగ్లీషు మీడియం బడి. లెక్కలు ఇంగ్లీషులో చెప్పేవాళ్లు అక్కడ దొరక్క, ఎక్కడెక్కడి నుంచో పంతుళ్లను పిలిపించుకుంటారు. భార్య పైడమ్మ ఆవకాయ సీసా, మందు బిళ్లలు, రుద్రాక్ష సర్ది, కొత్త బూట్లు కొనుక్కోమంది. ఆయన మా మీద మమకారం కొద్దీ మమ్మల్నే వేసుకుని విమానం ఎక్కాడు.

ఆ దేశంలో నాకు మతిపోయింది. మన దగ్గర మా బతుకేమిటో మీకు తెలుసు. ఎండనకా వాననకా మోస్తాం, గుమ్మం రాగానే బయట పారేస్తారు. కోపమొస్తే మాత్రం ముందు మా పేరే ఎత్తుతారు. అక్కడ అలా కాదు. బూట్లు ఇంట్లోకి వెళ్తాయి, వంటింట్లోకి వెళ్తాయి, ఆదివారం చర్చిలో దేవుడి ముందు దాకా వెళ్తాయి! ఓరి నాయనో అనుకున్నాను. మనం కూడా ఇక దర్జాగా లోపలికి పోవచ్చని కుడిదానితో అన్నాను. మా ఆశ మాస్టారి దగ్గర సాగలేదు. ఆయన గది గుమ్మంలోనూ మమ్మల్ని బయటే విడిచేవాడు, క్లాసు గుమ్మంలోనూ బయటే విడిచేవాడు. చదువు చెప్పే చోట చెప్పులేమిటి అని ఆయన పట్టుదల.

మిగతా విషయాల్లో మాత్రం ఆ ఊరికి బాగానే అలవాటు పడ్డాడు. పొద్దున్నే తోటి టీచరమ్మలు చెంపకు చెంప ఆనించి పలకరిస్తే మొదట్లో రెండడుగులు వెనక్కి వేసేవాడు. ఆ కంగారులో ఆయన మడమ నా అంచు దిగి నేలకు తగిలేది. నెల తిరిగేసరికి తనే చెంప చూపించడం నేర్చాడు. ఈ సంగతి పైడమ్మకి చెప్పలేదనుకోండి, అది వేరే మాట. ఆయన పూర్తి పేరు ఎవరికీ నోరు తిరక్క "ప్రొఫే సిం" అయ్యాడు. అక్కడ పంతులుగారిని ప్రొఫే అంటారు. సోమవారం జెండా వందనం, మధ్యాహ్నం వాన, సాయంత్రం చిక్కుడు గింజల కూరలో ఆవకాయ. పిల్లలు ఆయనకి తమ భాషలో మాటలు నేర్పేవాళ్లు, ఆయన తప్పుగా పలికితే పొట్ట పట్టుకుని నవ్వేవాళ్లు. ఆ నవ్వు ఆయనకి భలే ఇష్టం.

బడి గేటు పక్కన ఎల్విరా అనే ఆవిడ బండి పెట్టుకుని బలెయాదలు అమ్మేది. గోధుమ రొట్టె మీద చిక్కుడు ముద్ద పూసి, మీగడ వేసి మడిచి ఇస్తారు, అదే బలెయాద. మాస్టారి పొద్దుటి టిఫిను అక్కడే. ఎల్విరా కూతురు యదీరా ఆ బళ్లోనే ఆయన క్లాసులో చదివేది. బాగా చదివే పిల్ల కాబట్టి ఫీజు లేకుండా సీటు ఇచ్చారు. భిన్నాలు, శాతాలు ఆయన బోర్డు మీద రాయడం పూర్తి కాకుండానే జవాబు చెప్పేది. "ఈ పిల్ల మన కడుపున పుట్టాల్సింది" అని మాస్టారు పైడమ్మతో ఫోనులో అంటుంటే నేను విన్నాను. ఆవిడ "ఎవులి కడుపున పుడితే ఏటండీ, పాఠం మీరు చెప్తన్నారు గదా" అంది.

గొడవ ప్రేమతోనే మొదలైంది. మాస్టారు మమ్మల్ని బయట విడిచి లోపలికెళ్లడం చూసి పిల్లలకి సరదా పుట్టింది. ఒకడు బూట్లు విప్పాడు, తర్వాత పది మంది విప్పారు. ఆయన మురిసిపోయాడు. మా దేశంలో చదువంటే దేవతేనని, ఆమె ముందు ఇలాగే నిలబడతామని కథలా చెప్పాడు. ప్రిన్సిపాలమ్మ తొంగిచూసి గచ్చు ఎంత శుభ్రంగా ఉందో అని మెచ్చుకుంది. దాంతో మాస్టారికి ఊపొచ్చింది. సోమవారం నుంచి లెక్కల క్లాసులోకి అందరూ బూట్లు విప్పే రావాలని నియమం పెట్టేశాడు.

సోమవారం మా పక్కన వరసగా నల్ల బూట్లు చేరాయి. అన్నిటికంటే మిలమిలా మెరిసేవి యదీరావి. వాటిని ఆ పిల్ల చిట్టచివర, గోడకు ఆనించి, ఎంతో జాగ్రత్తగా పెట్టింది. అంత జాగ్రత్త ఎందుకో నాకు గంట కొట్టాక తెలిసింది. పిల్లలు ఒకరినొకరు తోసుకుంటూ బయటికి ఉరికారు. ఎవరి కాలో తగిలి యదీరా బూటు ఒకటి బోర్లా పడింది. పైన అద్దంలా మెరిసే బూటుకి కింద అడుగే లేదు. బిస్కెట్ డబ్బా అట్ట కత్తిరించి లోపల పెట్టి ఉంది. అట్ట మీద బిస్కెట్ బొమ్మ కూడా కనిపిస్తోంది. ఇద్దరు పిల్లలు కిసుక్కున నవ్వారు. యదీరా బూటు తీసుకుని, అక్కడే తొడుక్కుని, తల వంచుకుని వెళ్లిపోయింది. మాస్టారు లోపల బోర్డు తుడుస్తున్నాడు. ఆయన చూడలేదు, నేను చూశాను. చూసి ఏం లాభం, చెప్పుకి నోరెక్కడిది?

మర్నాడు యదీరా గుమ్మం దగ్గర ఆగిపోయింది. "బూట్లు విప్పి రా యదీరా" అన్నాడు మాస్టారు. ఆ పిల్ల విప్పలేదు, కారణమూ చెప్పలేదు. వరండాలో మా పక్కనే గోడకు చేరగిలబడి, పుస్తకం ఒళ్లో పెట్టుకుని, లోపల చెప్పే లెక్కలన్నీ అక్కడే చేసుకుంది. ఆ వారమంతా అదే వరస. మాస్టారు రెండుసార్లు పిలిచాడు, తర్వాత మానేశాడు. "పొగరు! బాగా సదివీ పిల్లలకి వచ్చీ పొగరే ఇది" అని ఇంటికి నడుస్తూ గొణుక్కున్నాడు. మంచివాళ్లకి ఒకటి పట్టుకుంటే వదలదు చూశారా, అక్కడే వస్తుంది చిక్కంతా.

తర్వాతి సోమవారం గోడ దగ్గర కూడా యదీరా లేదు. ఆ తర్వాతా లేదు. ఫీజు లేని సీటు కాబట్టి ఆ బళ్లో ఒక పద్ధతి ఉంది, నెల రోజులు రాకపోతే సీటు ఇంకొకరికి పోతుంది. అది మాస్టారికి తెలుసు. ఒకరోజు పొద్దున్నే బండి దగ్గరికెళ్తే, ఎల్విరా పక్కన యదీరా నిలబడి గోధుమ పిండి పిసుకుతోంది. బడి యూనిఫాం లేదు, కాళ్లకి ఇంట్లో వేసుకునే రబ్బరు చెప్పులు.

"యదీరా బడికి రావడం లేదేం?" అన్నాడు మాస్టారు, పిల్లలు నేర్పిన వాళ్ల భాషలో.

ఎల్విరా పెనం మీద రొట్టె తిరగేసింది. "రాదు ప్రొఫే. ఇక నాతోనే ఉంటుంది."

"ఎందుకలా? బంగారం లాంటి పిల్ల."

"అవును, బంగారమే. కాళ్లు మాత్రం పేదదాని కూతురి కాళ్లు." ఆవిడ గరిటె కింద పెట్టింది. "మీ దేశంలో దేవుడి ముందు చెప్పులు విప్పుతారట, పిల్లలు చెప్పారు. మంచిదే, కాదనను. నా సంగతి కూడా వినండి. మా పల్లెలో బడి గుమ్మంలో టీచరమ్మ నిలబడి మా మొహాలు చూసేది కాదు, కాళ్లు చూసేది. బూట్లుంటే లోపలికి, లేకపోతే ఇంటికి. నన్ను ఇంటికి పంపేసింది. నా చదువు అంతే. నా కూతుర్ని మాత్రం ఎవరూ కాళ్లు చూసి ఆపకూడదని, తెల్లారకముందే లేచి ఆ పాత బూట్లకి నేనే పాలిష్ పెడతాను. పైన ఎంత మెరిపించగలనో అంత మెరిపిస్తాను. కింద సంగతి ఎవరికి కావాలి? ఎవరూ చూడరు కదా అనుకున్నాను. మీరు విప్పించి అందరికీ చూపించారు."

మాస్టారు చేతిలో రొట్టె పొట్లం బండి మీద పెట్టేశాడు. ఆయన కాలు నా మీద బిగుసుకుంది.

"మా నాన్న కూడా విప్పేవాడమ్మా" అన్నాడు. "పెద్ద కులంవాళ్ల వీధిలోంచి పోవాలంటే మావాళ్లు చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని నడవాలి. ఎండలో కాళ్లు కాలిపోయేవి. నేను ఆయన వేలు పట్టుకుని నడిచేవాణ్ని. అది భక్తి కాదు. భయం. నాకు తెలుసు ఆ సంగతి. తెలిసి కూడా..."

ఎల్విరాకి చీర కొంగు లాంటిదేమీ లేదు గనక మోచేత్తో కళ్లు తుడుచుకుంది.

"యదీరా, రేపు రా తల్లీ" అన్నాడు మాస్టారు. "నువ్వు బూట్లతోనే రా. నేనేమీ అనను."

యదీరా మొదటిసారి తలెత్తింది. "అందరూ బయట విప్పితే నేనొక్కదాన్నే వేసుకుని రావాలా ప్రొఫే? అప్పుడు ఎందుకో అందరికీ తెలిసిపోదూ?"

"అయితే ఎవ్వరూ విప్పొద్దు. అందరూ వేసుకునే రండి."

"మరి మీరు?"

మమ్మల్ని విడిచి బోర్డు ముందు నిలబడటం ఆయనకి ఊపిరి లాంటిది. పుస్తకానికి కాలు తగిలితే కళ్లకద్దుకునే మనిషి. ఆ పిల్ల కావాలని ఇబ్బంది పెట్టడానికి అడగలేదు. ఆయన ఒక్కడే బయట విప్పినా, మళ్లీ ఆయన వెనక ఒకడు విప్పుతాడు, పది మంది విప్పుతారు. పిల్లలు మన మాట వినరు, మన కాళ్లు చూస్తారు. అది లెక్కల పంతులికంటే ఆ పిల్లకి ముందే తెలిసింది.

మర్నాడు క్లాసు గుమ్మం దగ్గర మాస్టారు ఆగాడు. అలవాటు కొద్దీ కాలు నాలోంచి సగం బయటికొచ్చింది. నేను నా చోటుకి పోవడానికి సిద్ధపడ్డాను. కాలు మళ్లీ లోపలికొచ్చింది. ముందు కుడిది గుమ్మం దాటింది, దాని వెనక నేను. గచ్చు చల్లగా, నున్నగా ఉంది. ఎన్నాళ్లుగానో బయటి నుంచి వింటున్న గది అది. లోపల సుద్దముక్క వాసన, కిటికీలోంచి కొండ కనిపిస్తోంది. సంతోషించాలా భయపడాలా తెలియలేదు నాకు.

వరండాలో పిల్లలు వంగి బూట్ల తాళ్లు విప్పబోతున్నారు. "వద్దు. ఇవాళ్టి నుంచి వేసుకునే రండి" అన్నాడు. వాళ్లు ఆయన కాళ్ల వైపు చూశారు, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు, టకటకమంటూ లోపలికొచ్చి కూర్చున్నారు. ఒక బల్ల మాత్రం ఖాళీ.

మాస్టారు పాఠం మొదలెట్టాడు. బోర్డు వైపు తిరిగి ఒక లెక్క రాశాడు, చెరిపాడు, మళ్లీ రాశాడు. మాటిమాటికీ గుమ్మం వైపు చూస్తున్నాడు. ఆయన కాలివేళ్లు నాలో గట్టిగా ముడుచుకుపోయి ఉన్నాయి, నేలకి ఆనకూడదన్నట్టు. చెమట నా తోలుకి అంటుతోంది. ఈయన ఇంత అవస్థ పడుతుంటే ఆ పిల్ల రాకపోతే ఏం గాను అని నాకు గుండె దడ పుట్టింది. నవ్వకండి, ఎర్రయ్య కుట్టిన చెప్పుకి అంతమాత్రం ఉంటుంది.

పాఠం సగంలో వరండాలో అడుగుల చప్పుడు వినపడింది. యదీరా గుమ్మంలో నిలబడింది. యూనిఫాం, మెరిసే బూట్లు. మాస్టారి మొహం వైపు చూడలేదు, కింద నా వైపు చూసింది. నన్నూ, కుడిదాన్నీ బాగా చూసుకుని, బూట్లతో లోపలికి నడిచొచ్చి తన బల్ల మీద కూర్చుంది. బోర్డు వైపు చూసి, "ప్రొఫే, రెండో వరసలో గుణకారం తప్పు" అంది.

మాస్టారు "అవునమ్మా, తప్పే" అని దిద్దాడు.

ఇంటర్వెల్లో ఆయన ఇంటికి ఫోను చేశాడు. అక్కడ పైడమ్మ అన్నం తిని పడుకోబోయే వేళ. జరిగిందంతా చెప్పాడు.

"చెప్పులేసుకుని పాఠం చెప్పీసేరేటి?" ఆవిడ గొంతు నాక్కూడా వినపడింది. "సరస్వతీదేవి ముందరా? కళ్లు పోతాయండీ!"

"పోతే పోనీయే" అన్నాడు మాస్టారు. "పిల్లొచ్చింది."

"అయితే మంచిపనే చేసేరు" అంది పైడమ్మ.

అప్పటికి గాని ఆయన కాలివేళ్లు నాలో విచ్చుకోలేదు.