రెండు అరుంధతులు

పెళ్ళి దగ్గర పడ్డాక మా అక్క కూతురు పద్మప్రియ ఒక షరతు పెట్టింది. తాళి కట్టాక బయటికి తీసుకొచ్చి, ఆకాశంలోకి వేలు చూపించి, "అరుంధతి కనపడిందా?" అని అయ్యవారు అడుగుతాడు కదా, అప్పుడు నిజంగా కనపడితేనే కనపడిందని చెబుతుందట.

"మిట్టమధ్యాహ్నం చుక్క యాడ కనపడతాదే? మేమందరం అంటిమి, నువ్వూ అను. నోరేమన్నా అరిగిపోతాదా?" అంది అక్క కన్యకమ్మ.

"నువ్వు చూస్తివా మా?"

"తల ఎత్తితే గదా చూసేకి! పూలజడ అంత బరువుండె."

ఉపాయం చెప్పింది బావ. "మండపంలో ఎట్లాగూ పెద్ద తెర పెట్టిస్తాండాం. దాంట్లో చూపిస్తే సరిపాయె. ఏం సుచరితా, నువ్వు కంప్యూటర్లు చెప్పేదానివి. చుక్కల దాకా ఎగిరిపోయే ప్రోగ్రాములు ఉంటాయంట గదా, మంచిది ఒకటి చూడు."

నేను కర్నూలులో ఒక కాలేజీలో కంప్యూటర్లు చెబుతాను. పెళ్ళి చేసుకోలేదు. మేడ మీద ఒక గది, ఒక వంటగట్టు, చాలినంత నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలోకి ఒకటొకటిగా ఆ ప్రోగ్రాములను దించుకున్నాను. కొన్నింటిలో ఆకాశాన్ని నేల మీద నుంచి చూడడమే తప్ప కదలడం లేదు. కొన్నింటిని నా కంప్యూటర్ మోయలేకపోయింది. చివరికి రెండు మిగిలాయి. రెండింటిలోనూ కర్నూలు నుంచి బయలుదేరి, అరుంధతి అని నొక్కితే, అక్కడికి ఎగురుకుంటూ పోవచ్చు.

మొదటిసారి ఎగిరినప్పుడు కళ్ళు తిరిగి బల్ల అంచు పట్టుకున్నాను. కుర్చీ కదలలేదని తెలుసు. అయినా అంచు వదల్లేదు. సప్తర్షుల ఆకారం మెల్లగా వంకరపోయి, విరిగి, ఎవరెక్కడివాళ్ళు అక్కడికి పోయినట్టు చెదిరిపోయింది. అప్పుడే చూశాను. వశిష్ఠుడూ అరుంధతీ ఒకరినొకరు వదిలి ఎడంగా జరుగుతున్నారు. దగ్గరికి వెళ్ళేకొద్దీ ఇంకా ఎడం. చివరికి అరుంధతి తెర మధ్యలో ఒంటరిగా నిలిచింది. వశిష్ఠుడు వెనుక ఎక్కడో తప్పిపోయాడు.

రెండో దానిలో అలా జరగలేదు. ఇద్దరూ చివరిదాకా పక్కపక్కనే ఉన్నారు.

కారణం వెతికాను. మొదటిది చుక్కల దూరాలకు పాత కొలతలతో చేసింది, రెండోది కొత్త కొలతలతో. కొత్త కొలతలు కూడా ఖాయం కాదని, ఆ రెండు చుక్కలూ నిజంగా ఒకదానికొకటి కట్టుబడి ఉన్నాయో లేక ఊరికే కలిసి నడుస్తున్నాయో ఇంకా తేలలేదని ఒకచోట రాసి ఉంది.

కొత్తదే తీసుకుంటే సరిపోయేది. మగపెళ్ళివారి ముందు ఆ జంట విడిపోతే ఊరుకుంటారా? కానీ రెండోది తెరిచి చూసి హాయిగా ఊపిరి తీసుకోగానే ఆ హాయి మీదే అనుమానం వచ్చింది. ఇది నిజమని ఎంచుకుంటున్నానా, ఊరట కలిగిందని ఎంచుకుంటున్నానా? మళ్ళీ మొదటిది తెరిచాను. ఒంటరి అరుంధతిని చాలాసేపు చూశాను. నాకు బాధ కలగలేదు. బాధ కలగకపోవడమే కంగారు పెట్టింది. ఏ చుక్కను చూస్తున్నానో, ఎవరిని చూస్తున్నానో తెలియలేదు.

తేల్చుకోలేక ఆదివారం మధ్యాహ్నం పద్మనే పిలిచాను. గోరింటాకు పండిన చేతులతో తానే మీటలు నొక్కుతూ రెండు దారుల్లోనూ ఎగిరింది. అరుంధతి దగ్గర ఆగి వెనక్కి తిప్పింది.

"ఇప్పుడు మనం యాడుండాం పిన్నీ?"

"మన ఊరు అటు పక్క."

"సూర్యుడు కూడా కనపడడే!"

"అంత దూరం నుంచి ఉత్త కంటికి ఆనడు. పేరు నొక్కితే గుర్తు చూపిస్తాది."

పద్మ నవ్వింది. "అయితే అరుంధతిని నిలబెట్టి మనల్ని చూసినావా అని అడిగితే, ఆమె కూడా అబద్ధమే చెప్పాల." తర్వాత నవ్వు ఆపేసింది. "భూపేష్‌కు ఫోన్లో చెప్పినా ఈ సంగతి. 'కనపడిందని అనేయి, ఏం పోతాది' అన్నాడు. మొదటి మాటే అట్ల అనేస్తే, రేపు బాగుండావా అని అడిగినా అనేస్తాను గదా పిన్నీ? నేను ఏది చెప్పినా ఆయప్పకు చాలునేమో. ఆ మనిషితో ఎట్ల బతికేది?"

భూపేష్ పెళ్ళికొడుకు. కమలాపురంలో వాళ్ళది ఎరువుల అంగడి. మర్యాదస్తుడు. అతని గురించి అంతకుమించి నాకు తెలియదు.

"మరి ఏ ప్రోగ్రాము పెట్టేది?" అన్నాను. నా ప్రశ్న నాకే మూర్ఖంగా వినిపించింది.

"ఏదీ వద్దు. తెర మీద నాయనను ఫోటోలు వేసుకోనీ."

"అయ్యవారికి ఏం చెబుతావు?"

"ఆ పొద్దు చూస్తాం."

చెబుతుందో, చెప్పదో, అసలు పీటల మీద కూర్చుంటుందో లేదో నాకు అర్థం కాలేదు. అక్కకు చెప్పాలా? ఏమని? పద్మ వెళ్ళిపోయాక కూడా నేను ఏదో ఒకటి ఎంచుకోవాలన్నట్టు ఆ రెండింటినీ మార్చి మార్చి తెరుస్తూ ఉండిపోయాను.

పెళ్ళినాడు పద్మ పీటల మీద కూర్చుంది. తాళి పడింది. వధూవరుల్ని మండపం బయటికి తెచ్చారు. బండలు కాలుతున్నాయి. అందరూ ఎవరి నీడ కోసం వాళ్ళు తోసుకుంటున్నారు. అయ్యవారు ఉత్తరం వైపు ఎండలోకి వేలు చూపించాడు.

"అదో, అరుంధతి. కనపడిందా తల్లీ?"

పద్మ చెయ్యి అడ్డం పెట్టుకొని పైకి చూసింది. నిజంగానే వెతికింది.

"లేదు స్వామీ."

మేళం ఆగిపోయింది. "ఏమంటాండాది పాప?" అంది కమలాపురం వాళ్ళలో ఎవరో. అక్క ముఖం తెల్లబోయింది. పద్మ ఇప్పుడు ఆకాశం చూడడం లేదు, భూపేష్ ముఖం చూస్తోంది. బాసికం కింద చెమట కారుతూ అతను నోరు తెరిచాడు.

సరిగ్గా అప్పుడు, "కనపడింది!" అని గట్టిగా వినిపించింది. అన్నది నేనే.

ఎందుకన్నానో ఇప్పటికీ చెప్పలేను. అక్కను కాపాడదామనా, పద్మనా? ఆ తెరిచిన నోట్లోంచి ఏం వస్తుందోనన్న భయం నాదా? పద్మ నా వైపు తిరిగి చూసిన చూపు మాత్రం మరిచిపోలేను.

"అదో, పిన్నమ్మకు కనపడిందంట! శుభం. ఇంక లోపలికి పదండి" అన్నాడు అయ్యవారు, ఒడ్డున పడినవాడిలా. మేళం మళ్ళీ అందుకుంది. పద్మ కదల్లేదు.

"పిన్ని మాట కాదు స్వామీ. ఈయనను అడగండి."

"ఏం నాయనా, కనపడిందా?" అన్నాడు అయ్యవారు విసుగ్గా. వెనుక నుంచి వాళ్ళ మామ ఒకాయన భూపేష్ భుజం పొడిచాడు. "అనప్పా, కాళ్ళు కాలిపోతాండాయి."

భూపేష్ పద్మను చూశాడు. తర్వాత కళ్ళు చికిలించి, మెడ వెనక్కి వంచి ఎండలోకి చూశాడు.

"ఉండు మామా," అన్నాడు, "చూస్తాండా."